తారీఖు అడగని పరీక్ష

మాది రావికమతం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఒకపక్క చెరకు, వరి. ఇంకోపక్క తల ఎత్తితే కొండలు. ఏ పని పడినా అటు నర్సీపట్నమో, ఇటు చోడవరమో పోవాల్సిన ఊరు. అక్కడే మా అమ్మమ్మ పుట్టింది, అక్కడే మనువాడింది, అక్కడే పోయింది. ఇవాళ నేను మాట్లాడబోయేది మతిమరుపు జబ్బు గురించి, దాన్ని ముందుగా పసిగట్టడానికి ఈ మధ్య వచ్చిన రక్తపరీక్షల గురించి. నేను చాలా ఏళ్ళు బడిలో సైన్సు పాఠాలు చెప్పినదాన్ని. ఈ పరీక్షల గురించి ఎక్కడ చదివినా నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది. అందుకని ఆవిడతోనే మొదలుపెడతాను.

అమ్మమ్మకు చదువు లేదు. కాగితం చూపిస్తే వేలిముద్ర వేసేది. అయితే తిథి, వారం ఎప్పుడడిగినా తడుముకోకుండా చెప్పేది. ఏ పొలం ఎప్పుడు దమ్ము పట్టాలి, ఎవరికెంత బాకీ, ఏ కోడలికి ఎన్నో నెల, అన్నీ మనసులోనే లెక్క. అలాంటి మనిషి చేతి చోడి అంబలిలో ఉప్పు రెండుసార్లు పడటం మొదలైంది. తర్వాత ఒకరోజు ఉప్పే లేదు. ఇంకొకరోజు పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం పోయడం మరచి, నీళ్ళు ఇగిరి గిన్నె మాడేదాకా పక్కనే కూర్చుంది. అమ్మ "పెద్దతనం" అంది. మావయ్య "చాదస్తం" అన్నాడు. వీధిలో కొందరు ఇంకో మాట అన్నారు. ఆ మాట ఇక్కడ పలకలేను.

పట్నంలో ఒక డాక్టరుగారికి చూపించాం. ఆయన మర్యాదగానే అడిగారు.

"ఇవాళ తారీఖెంతమ్మా?"

"తారీఖులు నాకేటి తెలుసు బాబూ. మొన్న నాగులచవితి ఎల్లింది. పుట్టలో పాలోసినాం."

"మన ప్రధానమంత్రి ఎవరు?"

"ఎవురైతే నాకేటి నాయినా."

వందలోంచి ఏడు తీసేస్తే ఎంతని అడిగితే అమ్మమ్మ నవ్వింది. కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమంటే, పెన్ను ఎటు పట్టుకోవాలో తెలియక నా వైపు చూసింది. "వయసొచ్చింది కదా, మామూలే" అని బలానికి మాత్రలు రాసి పంపించారు.

ఇంటికొచ్చాక నాకు ఆ ప్రశ్నలే మనసులో మెదిలాయి. ఆ గదిలో అడిగినవన్నీ అమ్మమ్మకు ఎన్నడూ తెలియనివి. అంబలిలో ఉప్పు గురించి అడిగినవాళ్ళు లేరు. నాగులచవితి తిథి ఆవిడ తప్పు చెప్పలేదు. ఆ సంగతి లెక్కలోకి తీసుకున్నవాళ్ళూ లేరు. ముప్పై ఏళ్ళ కిందటి మాట ఇది. ఆ డాక్టరుగారిని నేను తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్న కొలబద్ద చదువుకున్నవాళ్ళ కోసం తయారైంది. దానితో మా అమ్మమ్మను కొలిచారు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల సంపుటిని ఐదు భారతీయ భాషల్లో తయారుచేయించింది. అందులో తెలుగు ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు మతిమరుపు రోగుల మీద ఏళ్ళ తరబడి పని చేశారు. వాళ్ళు 648 మంది రోగుల వివరాలు చూసి, 2013లో ఒక సంగతి ప్రకటించారు. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడ్డాయి. బడి ముఖం చూడనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. అంటే అక్షరం రాకపోయినా, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడుతూ బతికిన మనిషి మెదడు రోజూ వ్యాయామం చేస్తూనే ఉందన్నమాట. చదువు లేనివాళ్ళ బుర్రకు కొలత లేదనుకునేవాళ్ళకు మన హైదరాబాదు ఇచ్చిన జవాబు అది.

ఇక రక్తం సంగతి. ముందు మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం.

మతిమరుపు జబ్బును డిమెన్షియా అంటాం. అది ఒక జబ్బు పేరు కాదు, జ్వరం లాంటి మాట. జ్వరానికి మలేరియా కారణం కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు. అలాగే డిమెన్షియాకు కారణాలు చాలా ఉన్నాయి. అన్నింటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. 1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు, తాను చూసిన ఒక రోగి చనిపోయాక ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి రెండు రకాల మార్పులు చూపించాడు. కణాల బయట పేరుకున్న గట్టి ఫలకాలు, కణాల లోపల చిక్కుపడిన దారాలు. ఆ ఫలకాల్లో ఉన్నది అమైలాయిడ్ అనే ప్రొటీన్ అని, ఆ దారాల్లో ఉన్నది టావ్ అనే ప్రొటీన్ అని తేలడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది.

టావ్ చేసే పని మా అనకాపల్లి ప్రాంతం వాళ్ళకు చెప్పడం తేలిక. చెరకు ఏపుగా ఎదిగాక గాలికి పడిపోకుండా నాలుగైదు గడలు కలిపి జడచుట్టు వేస్తాం కదా. మెదడు కణంలో సరుకు రవాణా జరిగే సన్నటి గొట్టాలుంటాయి. టావ్ వాటికి జడచుట్టు. 441 పూసల దండలాంటి ఈ ప్రొటీన్‌లో కొన్ని పూసల దగ్గర ఫాస్ఫేట్ వచ్చి అతుక్కుంటుంది. అది మితిమీరితే కట్టు ఊడిపోతుంది. కట్టు ఊడితే గొట్టాలు ఒరిగిపోతాయి, ఊడిన టావ్ చిక్కులు పడిపోతుంది. ఆ పూసల్లో 217వ పూస దగ్గర ఫాస్ఫేట్ అతుక్కున్న టావ్ ముక్కలను పి-టావ్ 217 అంటారు. మెదడులో అమైలాయిడ్ పేరుకోవడం మొదలవగానే ఈ ముక్కలు ఎక్కువగా తయారై, కొద్ది కొద్దిగా రక్తంలోకి చేరుతాయి. అంబలిలో ఉప్పు తప్పడానికి పదిహేను ఇరవై ఏళ్ళ ముందే మెదడులో ఈ మార్పు మొదలై ఉంటుంది.

దీన్ని బతికి ఉన్న మనిషిలో చూడటానికి మొన్నమొన్నటిదాకా రెండే దారులు. ఒకటి వెన్నులో సూది గుచ్చి నీరు తీయడం. ఆ మాట వింటేనే మన పెద్దవాళ్ళు మంచం దిగరు. రెండోది పెట్ స్కాన్. అమైలాయిడ్‌ను స్కాన్‌లో చూపించే పద్ధతి 2004లో వెలుగులోకి వచ్చింది. దానికి మహానగరం పోవాలి, బోలెడు డబ్బు పోయాలి. రావికమతం కొండవార గూడెంలో ఉండే ముసలమ్మను నర్సీపట్నం తీసుకురావడానికే ఒక పూట పోతుంది. ఆవిడకు ఆ స్కాన్ ఎప్పటికి అందుతుంది?

రక్తం అలా కాదు. మనిషి కదలలేకపోయినా రక్తం కదులుతుంది. చేతి నరంలోంచి తీసి, ప్లాస్మా వేరుచేసి, చల్లగా పెట్టి పంపితే గొట్టం మా ఊరి రోడ్డు మీద బస్సులోనైనా పోతుంది. కష్టమంతా కొలవడంలో ఉంది. రక్తంలో ఈ టావ్ ముక్కలు పికోగ్రాముల్లో ఉంటాయి. గ్రాములో లక్ష కోట్లో వంతు ఒక పికోగ్రాము. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న చెరువులో మీటరు లోతు నీళ్ళున్నాయనుకోండి. అందులో ఒక్క గ్రాము ఉప్పు కలిపి, ఆ చెరువు నీటి చుక్క తీసి ఉప్పు పడిందా లేదా చెప్పమంటే ఎంత కష్టమో, ఒక మిల్లీలీటరు రక్తరసంలో ఒక పికోగ్రాము టావ్‌ను పట్టుకోవడం అంత కష్టం. ఈ పదిహేనేళ్ళలో వచ్చిన యంత్రాలు దాన్ని సాధించాయి.

2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, అల్జీమర్స్ గుర్తించడంలో సాయపడే మొదటి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఫుజిరెబియో అనే సంస్థ తయారుచేసిన ఆ పరీక్ష, రక్తంలో పి-టావ్ 217కు, అమైలాయిడ్ 42 అనే ముక్కకు మధ్య నిష్పత్తిని కొలుస్తుంది. జబ్బులో టావ్ ముక్కలు పెరుగుతాయి. అమైలాయిడ్ 42 మెదడు ఫలకాల్లో చిక్కుకుపోవడంతో రక్తంలో తగ్గుతుంది. ఒకటి పెరిగి ఒకటి తగ్గడం వల్ల నిష్పత్తిలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 499 మంది నమూనాలు చూస్తే, పరీక్ష "ఉంది" అని చెప్పినవాళ్ళలో 91.7 శాతం మందికి స్కాన్‌లోనో, వెన్నునీటిలోనో నిజంగానే అమైలాయిడ్ కనిపించింది. "లేదు" అన్నవాళ్ళలో 97.3 శాతం మందికి లేదు. ఐదుగురిలో ఒకరికంటే తక్కువ మందికి మాత్రం ఎటూ తేలని ఫలితం వచ్చింది.

స్వీడన్‌లో జ్ఞాపకశక్తి తగ్గిందని వైద్యుల దగ్గరకు వచ్చిన 1,213 మంది మీద చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. రక్తపరీక్ష చూడకముందు, మామూలు వైద్యులు అల్జీమర్స్ అవునో కాదో సరిగ్గా చెప్పగలిగింది 61 శాతం మందిలో. మతిమరుపు జబ్బుల నిపుణులు 73 శాతం మందిలో. రక్తపరీక్ష దాదాపు 91 శాతం మందిలో. అంత చదువుకున్న దేశంలో, అన్ని వసతులున్న చోట, నిపుణుల అంచనా కూడా నలుగురిలో ఒకరి విషయంలో తప్పింది. మరి చదువురాని మా అమ్మమ్మ విషయంలో తప్పడం వింతా?

నాకు ఈ పరీక్ష మీద ఆశ ఇక్కడే పుట్టింది. రక్తం తారీఖు అడగదు. ప్రధానమంత్రి పేరు అడగదు. గడియారం గీయమనదు. పట్నపు ప్రొఫెసరుకూ పల్లెటూరి కూలి మనిషికీ ఒకే కొలత. దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఆ అధ్యయనంలో హైదరాబాదు నిమ్స్ కూడా పాలుపంచుకుంది. మగవాళ్ళలోకంటే ఆడవాళ్ళలో, పట్నాల్లోకంటే పల్లెల్లో ఈ జబ్బు ఎక్కువని తేలింది. అంటే ఈ పరీక్ష అవసరం ఎక్కువగా ఉన్నది పల్లెటూరి ఆడవాళ్ళకు. అందరికంటే చివర అందేదీ వాళ్ళకే.

అయితే ఆశ పెట్టుకున్న దాని గురించే జాగ్రత్తగా మాట్లాడాలి. నాలుగు మాటలు మనసులో పెట్టుకోండి.

మొదటిది. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు ఈ పరీక్ష చేయించుకోకూడదు. ఎందుకో చిన్న లెక్క చెబుతాను. నూటికి తొంభై సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఒకటుందనుకోండి. ఏ మరుపూ లేని వందమందికి చేశాం. వాళ్ళలో పదిమందికే మెదడులో మార్పు ఉందనుకుందాం. ఆ పదిమందిలో తొమ్మండుగురిని పరీక్ష పట్టుకుంటుంది. మిగిలిన తొంభై మంది ఆరోగ్యవంతుల్లో కూడా తొమ్మండుగురికి "ఉంది" అని తప్పు చెబుతుంది. అంటే భయపడ్డవాళ్ళలో సగం మంది ఊరికే భయపడ్డట్టు. అదే పరీక్షను, మరుపు ఉందని డాక్టరు నిర్ధారించిన వందమందికి చేశాం, వాళ్ళలో యాభైమందికి జబ్బు ఉందనుకోండి. "ఉంది" అని నలభై ఐదుగురికి సరిగ్గా చెబుతుంది, ఐదుగురికే తప్పు చెబుతుంది. పరీక్ష అదే. ఎవరికి చేశామన్నదాన్ని బట్టి దాని మాట విలువ మారిపోతుంది. అమెరికాలో ఆ మొదటి పరీక్షకు ఇచ్చిన అనుమతి కూడా లక్షణాలు కనిపిస్తున్నవాళ్ళకే, నిపుణుల దగ్గర వైద్యంలో ఉన్నవాళ్ళకే.

రెండోది మన ఉత్తరాంధ్రకు మరీ ముఖ్యం. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళలో ఈ టావ్ ముక్కలు రక్తంలోంచి సరిగ్గా బయటికి పోవు. మెదడు బాగానే ఉన్నా అంకె పెరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పేర్లు వింటేనే మనకు డయాలసిస్ గుర్తొస్తుంది. అక్కడి పెద్దమనిషి రక్తం తీసి, స్వీడన్‌లో నిర్ణయించిన గీటురాయి మీద గీస్తే తప్పు తీర్పు వచ్చే ప్రమాదం ఉంది. షుగరు, బీపీ ముదిరి కిడ్నీలు నీరసించిన ప్రతి ఇంట్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా టావ్ అంకెను నమ్మకూడదు. బాగా లావుగా ఉన్నవాళ్ళలో అంకె కొంత తక్కువగా కనిపించవచ్చు. అదీ డాక్టరు దృష్టిలో ఉండాలి.

మూడోది. "లేదు" అని వస్తే అల్జీమర్స్ దాదాపుగా లేదనే అర్థం. మతిమరుపు జబ్బే లేదని కాదు. మెదడులో సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే మరుపు మన దగ్గర తక్కువేమీ కాదు. దాని జాడ ఈ పరీక్షకు దొరకదు. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి.

నాలుగోది. కొలత మన రక్తం మీద సరిచూసుకోవాలి. ఆ పని మొదలైంది. కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడికి పేరు. మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆ పల్లెల్లో ఇళ్ళలో వినిపించేది చాలావరకు తెలుగే. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని మెదడు పరిశోధన కేంద్రం 2018లో అక్కడ ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. 45 ఏళ్ళు దాటిన పదివేలమంది పల్లెవాసులను ఏళ్ళ తరబడి గమనించడం దాని లక్ష్యం. రక్తం, మెదడు స్కాన్, నడక, వినికిడి, జ్ఞాపకశక్తి, అన్నీ మళ్ళీ మళ్ళీ చూస్తారు. ఇప్పుడు ఏ మరుపూ లేని రైతు రక్తం ఈ రోజు తీసి దాచి, పదేళ్ళ తర్వాత అతను ఎలా ఉన్నాడో చూస్తేనే కదా, ఏ అంకె దేనికి సూచనో తెలిసేది. లాసీ-డాడ్‌లో కూడా దేశమంతటా పెద్దవాళ్ళ రక్తం సేకరించి ఈ ప్రొటీన్లను కొలిచారు. మన చెరకు మడిలో పంట కొయ్యాలా వద్దా అన్నది మన చెరకు రసం తీపి చూసే తేల్చుకుంటాం. ఇదీ అంతే.

ఇక్కడిదాకా విన్న శ్రోతలు ఒక మాట అడుగుతారు. "అమ్మా, ఈ పరీక్ష మా ఊరికి వచ్చేసరికి ఎంతకాలం పడుతుందో! ఈలోగా మేమేం చెయ్యాలి?" అని.

ఈలోగా చేయించాల్సిన రక్తపరీక్షలు ఉన్నాయి. అవి ఇప్పుడే ఉన్నాయి, దగ్గరలోనే ఉన్నాయి. మరుపు కనిపించగానే మొదట చూడాల్సినవి అవే. ఎందుకంటే ఆ కారణాలు సరిచేయగలిగినవి.

థైరాయిడ్ మందగిస్తే మనిషి మందగిస్తాడు, మరుపు వస్తుంది. ఒంట్లో సోడియం తగ్గితే పెద్దవాళ్ళు ఒక్కసారిగా అయోమయంలో పడతారు. షుగరు బాగా పడిపోయినా అంతే. విటమిన్ బి12 తగ్గితే అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, జ్ఞాపకం మసకబారుతుంది. బి12 పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. పళ్ళు ఊడి, ఆకలి చచ్చి, పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే ముసలివాళ్ళకు అది చాలదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్ళలో కూడా బి12 తగ్గే అవకాశం ఉంది. షుగరు మాత్ర లేని ఇల్లు ఇవాళ మన పల్లెల్లో ఎన్ని?

ఈ సందర్భంలో మన తెలుగువాడిని ఒకరిని తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగుల జబ్బు వాళ్ళ ఇంట్లో సొంత అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు, ఒకరకం రక్తహీనతకు అది మందయింది. బి12, ఫోలిక్ ఆమ్లం జోడెద్దుల లాంటివి. రక్తం తయారీలోనూ, నరాల పోషణలోనూ కలిసి పనిచేస్తాయి. అందుకే ఒక జాగ్రత్త. బి12 తగ్గినవాళ్ళు ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. అందుకని సొంతంగా బలం మాత్రలు కొని వేసుకోకుండా, ముందు రక్తంలో ఏది తక్కువైందో చూపించుకోవాలి. మా అమ్మమ్మకు బలం మాత్రలు రాశారు కానీ, ఏ బలం తగ్గిందో ఎవరూ చూడలేదు. ఆవిడకు బి12 తక్కువై ఉంటే? ఆ ప్రశ్నకు ఇక జవాబు దొరకదు. మీ ఇంట్లో ఆ ప్రశ్న మిగలకూడదనే ఇంత చెబుతున్నాను.

హిమోగ్లోబిన్, షుగరు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే చూస్తారు. థైరాయిడ్, బి12, సోడియం, క్రియాటినిన్ నర్సీపట్నం, అనకాపల్లి లాంటి పట్టణాల్లో చేస్తారు. అక్కడ కారణం దొరకకపోతే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రిలో నరాల వైద్యులకు చూపించాలి.

వెళ్ళేటప్పుడు ఇంట్లోంచి ఒక వస్తువు తీసుకెళ్ళండి. చిన్న నోటుపుస్తకం. గత మూడు నెలల్లో మీ పెద్దవాళ్ళలో ఏం మారిందో అందులో రాయండి. డాక్టరుగారికి తెలియనిది, మీకు మాత్రమే తెలిసేది అదే. తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోవడం వేరు, తాళంచెవి దేనికో మరచిపోవడం వేరు. ఒకటో తారీఖు పింఛను తీసుకున్న సంగతి మరచి, మధ్యాహ్నం మళ్ళీ అరుగు మీద ఎదురుచూస్తున్నారా? అరవై ఏళ్ళు నడిచిన పొలంగట్టు మీద దారి తప్పారా? అడిగిందే అరగంటలో నాలుగుసార్లు అడుగుతున్నారా? వండే చేతికి ఉప్పు, కారం తప్పుతున్నాయా? రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లచేత రాయించండి. పెద్దావిడతో రోజూ వంటింట్లో ఉండే కోడలినే ఆసుపత్రికి వెంట పంపండి. ఎప్పుడో పండక్కి వచ్చే కొడుకు కంటే ఆ కోడలికే ఎక్కువ తెలుసు.

మార్పు ఒక్క రోజులో, రెండు రోజుల్లో ముంచుకొస్తే మాత్రం నోటుపుస్తకం కోసం ఆగకండి. అది జ్వరం కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, జారిపడి తలలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. వెంటనే తీసుకెళ్ళాలి.

జబ్బు రాకముందు చేయగలిగింది కూడా చాలా ఉంది. ప్రపంచ నిపుణుల బృందం 2024లో లాన్సెట్ పత్రికలో పద్నాలుగు కారణాలు లెక్కించింది. చిన్నప్పుడు చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగ, మందు, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం, తలకు దెబ్బ, దిగులు, ఒంటరితనం, గాలి కాలుష్యం. వీటన్నింటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చని వాళ్ళ అంచనా. చెవులు వినపడని తాతకు చెవి మిషను, చూపు మసకేసిన మామ్మకు కంటిపొర ఆపరేషను, ఎవరూ పలకరించని పెద్దాయనకు రామాలయం అరుగు మీద నాలుగు మాటలు. ఇవన్నీ మెదడుకు మందులే. మన పల్లెల్లో చెవిటితనాన్ని నవ్వులాటగా తీసుకుంటాం. అది మానుకోవాలి.

ఇంకో ప్రశ్న. అల్జీమర్స్ అని తేలితే ఏం లాభం, మందే లేదు కదా అంటారు. పూర్తిగా నయం చేసే మందు లేదన్నది నిజం. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే మందులు మెదడులో అమైలాయిడ్‌ను తొలగిస్తాయి. తొలిదశలో ఉన్నవాళ్ళకే పనికొస్తాయి. లెకానెమాబ్ పద్దెనిమిది నెలల పరీక్షల్లో జబ్బు దిగజారే వేగాన్ని 27 శాతం తగ్గించింది. ఖర్చు చాలా ఎక్కువ, నరంలోకి ఎక్కించాలి, మెదడు వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మళ్ళీ మళ్ళీ స్కాన్లు తీయాలి. మన ఊళ్ళకు అవి ఇప్పట్లో అందుబాటులోకి వస్తాయని నేను మభ్యపెట్టను.

అయినా తెలియడం వల్ల లాభం ఉంది. తెలిస్తే పొయ్యి దగ్గర ఒంటరిగా వదలం. మనిషి తెలివిగా ఉన్నప్పుడే భూమి కాగితాలు, బాకీలు, మనసులో మాట అడిగి తెలుసుకుంటాం. అన్నింటికీ మించి, తిట్టడం మానేస్తాం. మావయ్య అమ్మమ్మను "ఎన్నిసార్లు సెప్పాలే నీకు!" అని ఎన్నిసార్లు కసిరాడో. అది జబ్బు అని తెలిసి ఉంటే ఆయన ఒక్కసారి కూడా కసిరేవాడు కాదు. ఆవిడ పోయాక ఆ మాట తలుచుకుని ఏడ్చాడు. చాకిరీ చేసేవాళ్ళకు కూడా చేయూత కావాలి. పెద్దవాళ్ళకు సంబంధించిన ఏ ఇబ్బంది ఉన్నా 14567 అనే జాతీయ నంబరుకు ఫోన్ చేయవచ్చు. దిగులు, మానసిక ఒత్తిడి ఉంటే 14416.

మా కొండవార ఊళ్ళలో మలేరియా రోజుల్లో ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ వచ్చి, వేలికొన గుచ్చి, గాజుపలక మీద రక్తం పూసి తీసుకెళ్ళేవాడు. ఆ చిన్న పలక ఎన్నో ప్రాణాలు నిలిపింది. ఇప్పుడు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్తలు అలాగే వేలికొన నుంచి రక్తం తీసి, కాగితపు కార్డు మీద ఆరబెట్టి, అందులో టావ్‌ను కొలిచే ప్రయత్నం చేస్తున్నారు. అది ఫలిస్తే ఐసుపెట్టె కూడా అక్కర్లేదు. ఆ కార్డు రావికమతం ఆశా కార్యకర్త సంచిలో ఇమిడిపోతుంది. ఆ రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. అయితే ఎవరి వేలు గుచ్చాలో ఆ కార్డు చెప్పదు. "మా అత్తకు ఈమధ్య ఏదో తేడాగా ఉందమ్మా" అని ఇంట్లో ఒకరు నోరు విప్పాలి.

మళ్ళీ అమ్మమ్మ దగ్గరకే వస్తాను. డాక్టరుగారి దగ్గరకు వెళ్ళొచ్చాక ఏడాది తిరిగింది. నాగులచవితి నాడు తెల్లవారుజామునే తలంట్లు పోసుకుని, పాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకుని పుట్ట దగ్గరకు బయల్దేరుతున్నాం. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి, "ఏటమ్మా, ఈయేళ ఏటి పండగ?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఊరంతటికీ తిథి చెప్పిన మనిషి ఆవిడ. మేం ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఈసారి మీ ఇంట్లో తిథి తప్పినా, ఉప్పు తప్పినా నవ్వి ఊరుకోకండి. కసరకండి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోండి. రాత్రికి నోటుపుస్తకం తెరవండి. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు డాక్టరు దగ్గరకు బయల్దేరండి.